సోమిలుడి గడియకుడుక

సోమిలుడు ఆఖరి రోజు చేసిన పని అంతకుముందు ఏడాదిగా రోజూ చేస్తున్నదే. ఇంకా సూర్యుడు పొడవకముందు, భిక్షువులు స్నానానికి చెరువుల వైపు వెళుతున్న వేళ, గోడ పట్టుకుని నడుచుకుంటూ మహావిహారం తూర్పు ద్వారం పక్కనున్న గడియ అరుగు దగ్గరికి వచ్చాడు. ఆకులో చుట్టి తెచ్చుకున్న చింతపండును పిడక బూడిదతో కలిపి రాగి కుడుకను లోపలా బయటా తోమాడు. అడుగునున్న సూదిబెజ్జంలో ఏదుముల్లు పెట్టి ఒక్కసారి తిప్పి తీశాడు. కడిగి, పంచె కొంగుతో తుడిచి, బావమరిది కేశటుడి వైపు చాచాడు.

"మెరుస్తోందా?"

కేశటుడికి ఒళ్ళు మండింది. కుడుక ఇప్పుడు తనది. ఏడాదిగా తనది. పని పోయిన మనిషి ఇంట్లో పడుండక, రోజూ పొద్దున్నే వచ్చి తోమి, పైగా మెరుస్తోందా అని అడగడమేమిటి? ఇలా ఎప్పుడైనా మెరిపించావా అని ఎత్తిపొడవడం కాకపోతే?

"చేతిలో పట్టుకుని నన్నడుగుతావేం బావా? నీ కళ్ళకేం పుట్టింది?"

సోమిలుడు నవ్వాడు. కుడుకను అరుగు మీద బోర్లించి, వచ్చిన దారినే గోడ పట్టుకుని వెళ్ళిపోయాడు. ఇంటికి పోయి అటుకులూ పెరుగూ తిన్నాడు. నీడన మంచం వేయించుకుని పడుకున్నాడు. మూడో మునకకి భేరి మోగినప్పుడు భార్య వల్లిక లేపబోతే లేవలేదు.

ఆ విధంగా కేశటుడు తన బావతో అన్న చివరి మాట కళ్ళ గురించి అయింది.

ఇద్దరివీ పక్కపక్క ఇళ్ళు, మధ్య ఒకటే గోడ. ముత్తాతల నాడు మగధను ఏలిన రాజొకడు విహారానికి పెద్ద రాగి తొట్టీ, అందులో తేలుతూ, అడుగు బెజ్జంలోంచి నీళ్ళు నిండి మునిగి, మునకల లెక్కన వేళ చెప్పే కుడుకా, వాటిని చూసుకోవడానికి రెండు కుటుంబాలనూ ఇచ్చాడు. ఒక కుటుంబం కుడుకను చూడాలి. ఇంకొకటి భేరి కొట్టాలి. రాత్రి కాపలా వేరేవాళ్ళది. పగలంతా ఈ రెండిళ్ళదే. బియ్యం, నెయ్యి, పాలు విహారం కింది ఊళ్ళనుంచి భిక్షువులకు వచ్చినట్టే వీళ్ళకీ వచ్చేవి. తిండికి లోటు లేదు. లోటల్లా కేశటుడి మనసులో ఉండేది.

అది మొదలైంది అతని పన్నెండో ఏట. కుడుక చూసే సోమిలుడి తండ్రి పాము కరిచి పోయాడు. సోమిలుడికప్పుడు పదహారు. విహారపు రోజువారీ పనులన్నీ నడిపే పెద్ద భిక్షువును కర్మదానుడంటారు. ఆయన ఇద్దరినీ అరుగు మీద కూర్చోబెట్టాడు. ఈ పనికి వంశం కాదు, కన్ను కావాలి, అన్నాడు. సూర్యోదయం నుంచి మధ్యాహ్నం వరకు ఎనిమిదిసార్లు కుడుక మునుగుతుంది. అంతసేపూ దాని అంచు మీదనుంచి చూపు తిప్పకూడదు. అదీ పరీక్ష.

కేశటుడు నాలుగు మునకలు దాటించాడు. అయిదోది సగంలో ఉండగా ద్వారం దగ్గర గోల లేచింది. విహారంలో చదవడానికి వచ్చినవాళ్ళను పరీక్షించే ద్వారపండితుడు అడిగిన ప్రశ్నలకు జవాబు చెప్పలేక, కాంచీపురం నుంచి ఆరు నెలలు నడిచి వచ్చిన ఒక మహా పండితుడు నేల మీద కూలబడి ఏడుస్తున్నాడు. ఆ ద్వారం దగ్గర పదిమందిలో ఎనిమిదిమంది అలా వెనుదిరిగేవాళ్ళే. ఏడ్చేవాళ్ళు కొత్త కాదు. కానీ అంత గడ్డమున్న మనిషి ఏడవడం కేశటుడు ఎప్పుడూ చూడలేదు. తల తిప్పాడు. తిప్పి చూసేసరికి కుడుక అడుగున ఉంది. పక్కన సోమిలుడు ఎప్పుడో వేలెత్తి ఉన్నాడు.

"వాడు కళ్ళు తెరుచుకుని నిద్రపోయాడు" అని కేశటుడు తర్వాత నలభై ఏళ్ళు చెప్పుకున్నాడు. "లేకపోతే అంత ఏడుపు వినపడీ చూడకుండా ఎవడుంటాడు?"

కుడుక సోమిలుడికి దక్కింది. కేశటుడి చేతికి తండ్రి భేరి పుల్లలు వచ్చాయి. రెండేళ్ళకు అక్క వల్లికను సోమిలుడికే ఇచ్చారు. అప్పటినుంచి రోజూ పొద్దు పొడిచింది మొదలు పొద్దు గుంకేదాకా, చెయ్యి చాస్తే తగిలేంత దూరంలో, ఒకడు నీళ్ళ వైపు చూస్తూ, ఒకడు ఆ చూసేవాడి వైపు చూస్తూ కూర్చున్నారు.

పని తీరు ఇది. కుడుక మొదటిసారి మునిగితే ఒక దెబ్బ, రెండోసారికి రెండు, మూడోసారికి మూడు. నాలుగోసారికి నాలుగు దెబ్బలు కొట్టి, శంఖం రెండుసార్లు ఊది, పైన ఇంకో దెబ్బ వేస్తే ఒక జాము అయినట్టు. మళ్ళీ ఒకటి నుంచి లెక్కపెట్టి ఇంకో నాలుగు మునకలకు నడిమధ్యాహ్నం. అప్పుడు శంఖం తర్వాత ఒకటి కాదు, రెండు దెబ్బలు పడతాయి, అవి ఆఖరివి. అవి పడ్డాక మర్నాడు పొద్దు పొడిచేదాకా ఏ భిక్షువూ మెతుకు ముట్టడానికి వీల్లేదు. ఎంతటి ఆచార్యుడైనా సరే, చేతిలో ముద్ద చేతిలోనే ఆగాలి. నూరు చోట్ల పాఠాలు ఆ దెబ్బలకే మొదలయ్యేవి, ఆగేవి. వాదసభలో ఒకడికెంతసేపు మాట్లాడే హక్కుందో ఆ కుడుకే చెప్పేది. మూడువేలమంది చదువుకున్నవాళ్ళు చదువురాని ఇద్దరి చేతి కింద కూర్చునేవాళ్ళు, లేచేవాళ్ళు.

ఇద్దరి చేతి కింద. కేశటుడి బాధ సరిగ్గా ఇక్కడే. కొట్టేది తను. చేతులు బొబ్బలెక్కేది తనకి. కానీ ఎవరూ "కేశటుడు కొట్టాడు" అనరు. "సోమిలుడి కుడుక మునిగింది" అంటారు. శంఖం కూడా సోమిలుడిదే. భిక్షువులు అటు వెళుతూ సోమిలుడికి తల ఊపేవాళ్ళు. ద్వారపండితుడంతటివాడు అరుగు దగ్గర ఆగి, "నేను పదిమందిలో ఇద్దరినైనా లోపలికి పంపుతాను సోమిలా, నీ కుడుక ఒక్కణ్ణి కూడా ఆగనివ్వదు" అని పరాచికమాడేవాడు. ఒక వానాకాలం చీనా దేశపు భిక్షువొకాయన మూడు రోజులు వచ్చి కూర్చుని కుడుకను కొలిచాడు, బెజ్జాన్ని చూశాడు, పట్టుబట్ట మీద బొమ్మ గీసుకున్నాడు. సోమిలుడి పేరు అడిగి తన భాషలో రాసుకున్నాడు.

భేరి బొమ్మ గీయలేదు.

"మా దేశంలోనూ భేరీలున్నాయి" అన్నాడట. కేశటుడి భార్య ఆ మాట పట్టుకుని పదేళ్ళు నవ్వింది. "మా ఆయన పేరు చీనా దాకా పోవలసింది, ఆ దేశంలో భేరీలుండి ఆగిపోయింది" అని నీళ్ళరేవులో చెప్పేది.

అందుకే కేశటుడు కాపలా కాశాడు. సోమిలుడు ఏదో ఒక రోజు తప్పకుండా తప్పు చేస్తాడు. ఒక్క మునక దాటిపోతే చాలు. ఆ రోజు తను చూసి ఉండాలి. కర్మదానుడి దగ్గరికి పోయి, ఇదిగో నా కళ్ళతో చూశాను, అని చెప్పాలి. అప్పుడు కుడుక తనకు వస్తుంది. ఈ ఆలోచనతో అతను మెడ చాచి, బావ భుజం మీదుగా, ఎప్పుడూ కుడుక అంచునే చూస్తూ ఉండేవాడు. నీళ్ళు లోపల పెరిగి, అంచు నీటిమట్టానికి దిగి, ఇక మునుగుతుందనగా ఆత్రం పట్టలేక పళ్ళ సందున ఊపిరి లోపలికి లాగేవాడు, కారం తిన్నవాడిలాగా. మరుక్షణం సోమిలుడి వేలు లేచేది. ఎప్పుడూ లేచేది. కేశటుడు ఉసూరుమని పుల్లలు ఎత్తేవాడు.

ఆ ఊపిరి లాగడం అతనికి ఇంట్లోనూ అలవాటైపోయింది. పాలు పొంగే ముందు లాగేవాడు. కూతురి పురిటిగది బయట కూర్చుని రాత్రంతా లాగాడు.

ఇలా ముప్పై నాలుగేళ్ళు గడిచాక సోమిలుడిలో మార్పు వచ్చింది. ఎదురుపడినా పలకరించడం మానేశాడు. ఎవరైనా పిలిస్తేనే పలికేవాడు, అదీ ఒక్క క్షణం ఆగి. భిక్షువులు తల ఊపితే తిరిగి ఊపేవాడు కాదు. ఉండి ఉండి, "ఎండ ఎందాకా వచ్చిందిరా గోపురం మీదికి?" అని కేశటుణ్ణి అడిగేవాడు, ద్వారగోపురాన్ని తనే తలెత్తి చూడకుండా.

"పెద్దవాడైపోయాడు" అన్నాడు కేశటుడు భార్యతో. "మెడ తిప్పడానికి కూడా మనిషి కావాలి. రేపు ముద్ద నోట్లో పెట్టమంటాడు."

ఇంకోటి కూడా కనిపెట్టాడు. కాలం మారినప్పుడల్లా పగలు పెరుగుతుంది, తగ్గుతుంది. దానికి తగ్గట్టు బెజ్జాన్ని మైనంతో చిన్నది చేయాలి, లేదా సూదితో పెద్దది చేయాలి. ఇదివరకు అది అందరి ముందూ అరుగు మీదే చేసే సోమిలుడు ఇప్పుడు కుడుకను గుడ్డలో చుట్టుకుని ఇంటికి పట్టుకుపోతున్నాడు. తన విద్య బామ్మర్ది ఎక్కడ నేర్చుకుంటాడోనని. కేశటుడికి ఇందులో సందేహమే లేదు.

ఇలాంటివి ఆరేళ్ళు మింగాక, చైత్ర మాసంలో ఒక రోజు కర్మదానుడు సభలో సోమిలుణ్ణి నిలబెట్టి కొత్త వస్త్రం కప్పాడు. నలభై ఏళ్ళలో పగటి మునక ఒక్కటి తప్పలేదని మెచ్చుకున్నాడు. కేశటుణ్ణి కూడా మరిచిపోలేదు. కొత్త భేరి పుల్లల జత ఇచ్చాడు.

మర్నాడు ఆ వస్త్రం కప్పుకునే సోమిలుడు అరుగు మీద కూర్చున్నాడు. పొద్దుటినుంచి వచ్చేపోయే వాళ్ళందరూ ఆగి ఆ బట్టను ముట్టుకుని చూసి మంచిమాట చెప్పి పోతున్నారు. కేశటుడు అన్నీ భరించాడు. ఏడో మునకకి ఏడు కాదు, మూడు దెబ్బలు కొట్టాలి, కొట్టాడు. భోజనాల వేళ అయింది. పాత్రలు పట్టుకుని వందలమంది అరుగు ముందునుంచి శాలలకు వెళుతున్నారు. అందులో ఒక కుర్ర భిక్షువు ఆగి, సోమిలుడి భుజం తడిమి, "మీరొక్కరే ఇంత పని ఎలా చేస్తున్నారు?" అన్నాడు.

ఒక్కరే.

కేశటుడు తమలపాకు చుట్టి నోట్లో కుక్కుకున్నాడు. ఉత్తరీయం తలమీదుగా లాక్కుని కుడుకకు వీపు పెట్టి గోడ వైపు తిరిగి కూర్చున్నాడు. నాది భేరి. ఆ నీళ్ళు మునిగితే నాకేం, తేలితే నాకేం. వేలెత్తితే ఆయనే భుజం తడతాడు, అప్పుడు కొడతాను. అలా కూర్చుని గోడ మీద చీమల బారు చూస్తూ ఆకు నమిలాడు. చాలాసేపు నమిలాడు.

భుజం ఎవరూ తట్టలేదు. కొంతసేపటికి పరుగు చప్పుడయింది. జ్యోతిషం చెప్పే ముసలి భిక్షువు, పెరట్లో నీడకొయ్య పాతుకుని రోజూ మధ్యాహ్నపు నీడ కొలిచే ఆయన, కాషాయం ఎత్తి పట్టుకుని భోజనశాల వైపు పరిగెత్తుతున్నాడు. నీడ అటు తిరిగి అరజానెడు పెరిగింది. భేరి ఇంకా మోగలేదు. కేశటుడు వెనక్కి తిరిగి చూశాడు. కుడుక తొట్టి అడుగున పడి ఉంది. దాని ముందు సోమిలుడు కొత్త వస్త్రంలో, తల కొంచెం పక్కకి వంచి, ప్రశాంతంగా కూర్చుని ఉన్నాడు.

శాలల్లో మూడువేలమంది తింటున్నారు. మధ్యాహ్నం దాటిందని కర్మదానుడు నిలబడి చెప్పేసరికి చేతులు ఎక్కడివక్కడ ఆగాయి. కొందరు నోట్లోది ఉమ్మేశారు. వడ్డించిన అన్నం వడ్డించినట్టే కాకులకూ కుక్కలకూ పోయింది. ఆ పొద్దున్నే ద్వారపండితుణ్ణి గెలిచి లోపలికి వచ్చిన ఒక కళింగుడు, మొదటి ముద్ద కలుపుకుంటూ ఉండగా, అలాగే చెయ్యి కడుక్కున్నాడు. మధ్యాహ్నం పాఠాల్లో ఎవరి గొంతూ పెద్దగా లేవలేదు. వచ్చే పున్నమి సభలో, వేళ దాటి తిన్నామని, అంతమందీ ఒకరికొకరు తప్పు ఒప్పుకోవలసి వచ్చింది. అందులో నూటికి తొంభైమందికి ఆ తప్పు మీద కోపం లేదు, ఆకలి మాత్రమే ఉంది.

కర్మదానుడు ఇద్దరినీ పిలిపించాడు. సోమిలుడు చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"కునుకు పట్టింది భదంతా. తప్పు నాదే."

ఆయన కేశటుడి వైపు తిరిగాడు. "పక్కనే ఉన్నావు కదా. నువ్వు చూడలేదా?"

"నాది భేరి భదంతా. కుడుక మీద చూపు నా పని కాదు" అన్నాడు కేశటుడు.

ఆ మాటకి సోమిలుడు తలాడించాడు, నిజమే అన్నట్టు.

అంతే. కొట్టలేదు, తిట్టలేదు, వచ్చే బియ్యం ఆపలేదు. కుడుక కేశటుడికి ఇచ్చి, భేరికి వేరే వాణ్ణి పెట్టారు. ఇంటికి నడుస్తుంటే కేశటుడి కాళ్ళు నేల మీద లేవు. ఒక్కటే చిన్న ముల్లు. నలభై ఏళ్ళు కాపలా కాసిన దొంగ, తను కాపలా మానిన పూటే దొరికాడు. కళ్ళారా చూసే భాగ్యం లేకపోయింది.

ఆ సాయంత్రం వల్లిక ముంత పట్టుకుని గోడ చుట్టూ తిరిగి వచ్చింది. మిరియాలూ శొంఠీ వేసి కాచిన కషాయం. "మీ బావ ఇచ్చి రమ్మన్నారు. వేడిగా ఉండగానే తాగెయ్" అంది. ఆమె కళ్ళు ఎర్రగా ఉన్నాయి. ముంత గడప మీద పెట్టి వెళ్ళిపోయింది.

కేశటుడు ముంత ఎత్తి వాసన చూశాడు. విహారమంతా పస్తున్న రోజున, గెలిచినవాడికి ఓడినవాడు ఘాటైన కషాయం పంపడమంటే ఏమిటి? ఇన్నేళ్ళూ నా మీద కడుపు మండించుకున్నావు కదా, ఇది కూడా పోసుకో అని కాదూ? అలా అనుకోగానే అతనికి కొంచెం హాయిగా కూడా అనిపించింది. బావకీ అసూయ ఉందన్నమాట. కషాయాన్ని గోడ మొదట్లో పారబోసి, ముంత కడిగి తిప్పి పంపాడు.

తర్వాతి సంగతి చెప్పడానికి ఎక్కువ లేదు. కుడుక ముందు కూర్చున్నాక కేశటుడికి తెలిసింది, ఆ పనిలో చూడడానికి నీళ్ళు తప్ప ఏమీ లేవని. చూపు తిప్పడానికి లేదు గనక ఎవరు తల ఊపుతున్నారో కూడా కనపడదు. ఇంతకాలం భిక్షువుల పలకరింపులన్నీ లెక్కపెట్టుకున్నది భేరి దగ్గర కూర్చున్న తనేనని తట్టినప్పుడు నవ్వు వచ్చింది, కానీ చెప్పుకోవడానికి పక్కన బావ లేడు. కొత్త భేరివాడు అటెటో చూస్తూ కూర్చుంటాడు. భుజం మీదుగా ఎవడూ మెడ చాచడు. అది కూడా ఒక వెలితే అయింది. పొద్దున్నే సోమిలుడు వచ్చి కుడుక తోమేవాడు, కాలం మారితే ఎప్పటిలాగే ఇంటికి పట్టుకుపోయి బెజ్జం మార్చి తెచ్చేవాడు, మెరుస్తోందా అని అడిగేవాడు. కేశటుడు ఏదో ఒక పుల్లవిరుపు మాట అనేవాడు. అలా ఏడాది.

సోమిలుణ్ణి వాగు ఒడ్డున దహనం చేశారు. కర్మదానుడు తనే వచ్చి నిలబడ్డాడు. ద్వారపండితుడు ఆ పూట ప్రశ్నలు వేయడం ఆపి వచ్చాడు. కేశటుడు అక్కడ కూడా ఎవరెవరు వచ్చారో చూసుకున్నాడు, తను పోతే ఇంతమంది వస్తారా అని.

పదిరోజులు గడిచాక వల్లిక పిలిచింది. గూట్లోంచి చిన్న భరిణె తీసి చేతిలో పెట్టింది. లోపల మైనపు ఉండ, రెండు సూదులు.

"వర్షాలు వస్తున్నాయి కదా, బెజ్జం మార్చాలి. ఎంత మైనం పెట్టాలో నేను చూపిస్తాను. ఏడేళ్ళు నేనే పెట్టాను."

"నువ్వు పెట్టడమేంటి అక్కా? బావ చెయ్యి పడిపోయిందా?"

వల్లిక అతని మొహంలోకి చూసింది. "నీకు తెలియదట్రా నిజంగా? తెలిసే అడగట్లేదనుకున్నాను. ఆయనకి చూపు పోయి ఏడేళ్ళు. ముందు మసకన్నారు, ఆర్నెల్లకి తెల్లటి తెర పడిపోయింది. వెలుగుందో లేదో తెలిసేది, అంతే."

కేశటుడు భరిణె మూత పెట్టాడు, తీశాడు, మళ్ళీ పెట్టాడు.

"మరి వేలెత్తేవాడు. ఒక్క మునక తప్పలేదు."

"నువ్వున్నావుగా" అంది వల్లిక. "కుడుక మునిగే ముందు నువ్వు ఇస్సని ఊపిరి లాగుతావట. అది విని ఎత్తేవారు. మా బామ్మర్ది కన్ను డేగ కన్నే, ఒక్కటి కూడా జారనివ్వడు అని నవ్వేవారు. వాడికి చెప్పెయ్యండి, కుడుక వాడికిచ్చెయ్యమనండి అని నేను పోరాను. ఇప్పుడే వద్దులే అనేవారు. చెబితే వాడికి నా మీద జాలి పుడుతుందే, జాలి పుడితే అలా చూడడు, అనేవారు."

గోడ అవతల కేశటుడి భార్య ఎవరినో కేకలేస్తోంది. వల్లిక చీర కొంగుతో భరిణె మీది మసి తుడిచింది.

"ఆ భోజనాల రోజున నీ ఊపిరి ఎంతకీ వినపడలేదట. కుడుక ఇంకా తేలుతోందనుకుని కూర్చున్నారట. ఇంటికి రాగానే అన్నం కూడా అడగలేదు. కేశటుడికి ఊపిరి ఆడుతున్నట్టు లేదే, రొమ్ము పట్టేసినట్టుంది, మిరియాల కషాయం కాచి ఇచ్చి రా అన్నారు. తగ్గిందా అని పడుకునేదాకా అడుగుతూనే ఉన్నారు. ఖాళీ ముంత వచ్చిందిగా, తాగే ఉంటాడు, తగ్గే ఉంటుందని చెప్పాను."